రెండు ఎర్తుల ఇల్లు

మృగశిర కార్తె మొదటి రోజు, బుధవారం. మెదక్. పొద్దున పదిన్నర. విపరీతమైన ఉక్క. ఆకాశంలో మబ్బు లేదు.

హాజరైనవారు: మా సెక్షన్ ఏఈ మేడం, లైన్‌మన్, లైన్ ఇన్‌స్పెక్టర్‌నైన నేను. ఇంటివారి తరఫున అన్న, తమ్ముడు, వాళ్ల భార్యలు. మొత్తం ఏడుగురు.

ఆ రోజు నా డైరీ పేజీ ఇట్లా మొదలవుతుంది. డైరీలో పేర్లు కూడా ఉన్నాయి కానీ ఇక్కడ రాయను. అందరూ ఇదే ఊళ్లో ఉన్నారు. కూరగాయల కాడ ఎదురుపడి నన్ను నిలదీస్తే జవాబు చెప్పలేను.

ఎవరెవరు హాజరైనారో ముందే రాసే అలవాటు నాకు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే పట్టుకుంది. కరెంటు పనిలో ఏదైనా తప్పు జరిగితే మర్నాడు విచారించి చూడండి, ఆ సమయానికి అక్కడ ఒక్కరూ ఉండరు. ఒకాయన టీ తాగడానికి పోయి ఉంటాడు. ఇంకొకాయన స్తంభానికి అటుపక్క ఉంటాడు. అందుకే ముందు మనుషులను రాసుకొని తర్వాత పని రాసేవాణ్ణి. ఈ అలవాటు నా తోటివారిని చాలాసార్లు ఇబ్బంది పెట్టింది. నన్ను ఇబ్బంది పెట్టింది ఒక్కసారే. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లల కోసం ఆ ఒక్కసారి గురించే రాస్తున్నాను.

అప్పటికి నా పదవీ విరమణకు ఆరు నెలలుంది. ముందు రోజు మా ఆఫీసుకు రెండు దరఖాస్తులు వచ్చాయి. ఒకటి అన్నది: "పక్కింటివారి కరెంటు వలన మా జిరాక్సు మిషను, కంప్యూటరు కాలిపోవుచున్నవి." రెండోది తమ్ముడిది: "పక్కింటివారి కరెంటు వలన మా ఎంబ్రాయిడరీ మిషను బోర్డు రెండుసార్లు కాలిపోయినది." ఉరుము ఉరిమిన రోజే కాలుతున్నాయని ఇద్దరూ రాశారు. పక్కింటివారి మీద చర్య తీసుకోవాలని ఇద్దరూ కోరారు.

మేడం రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసింది. మెదక్‌కు వచ్చి ఆరు నెలలైనా కాలేదు ఆమె. హైదరాబాద్ పిల్ల. ఎర్త్ కొలిచే మెగ్గర్‌ను ఎవరికీ ఇవ్వకుండా తన బ్యాగులోనే పెట్టుకొని తిరిగేది.

"సార్, ఈ రెండు కాగితాలు ఒక్కరే రాసినట్టున్నయి. 'క' చూడుండ్రి, రెండిట్ల ఒక్క తీరుగనే ఉన్నది," అన్నది.

మా లైన్‌మన్ తల వంచి చూశాడు. ముప్పై ఏళ్లుగా నాతో పనిచేసిన మనిషి. చేతికి ఎంత పని చెప్తాడో నోటికీ అంతే చెప్తాడు.

"మేడం, కొట్లాట ఇద్దరిది, రాత ఒక్కరిది. ఎవరో ఒక్కరే ఇద్దరికి పెన్ను కిరాయికిచ్చిండ్రు," అన్నాడు.

నవ్వుకొని వదిలేశాం. వదిలేయవలసింది కాదు.

ఆ ఇల్లు ఒకప్పుడు ఒక్కటే. రెండడుగుల మందం రాతి గోడలు, డంగు సున్నం. తొమ్మిదేళ్ల కింద అన్నదమ్ములు ఏరుపడ్డారు. మా దిక్కు వేరు కాపురాలు పెట్టడాన్ని అట్లాగే అంటారు. నడుమ తలుపు మూసి రాయి కట్టారు. పెరట్లో మనిషి కంటే ఎత్తు గోడ లేపారు. రెండో మీటరు పెట్టించుకున్నారు. ఎందుకు విడిపోయారో నేను అడగలేదు, డైరీలో కూడా లేదు. అన్న వీధి వైపు గదిలో జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం నడిపేవాడు. తమ్ముడు బండి మీద హవేలిఘనపూర్, నిజాంపేట దిక్కు తిరిగి ఎరువుల దుకాణాలకు ఆర్డర్లు రాసుకునేవాడు. తమ్ముని భార్య ఇంట్లో పన్నెండు సూదుల కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ పెట్టింది. పెళ్లిళ్ల జాకెట్లకు ఊళ్లో ఆమె పనికి మంచి పేరు.

మేము పోయేసరికి అన్న ఒక గేటు ముందు, తమ్ముడు ఒక గేటు ముందు నిలబడి ఉన్నారు. ఇద్దరూ మాతో మాట్లాడుతున్నారు, చూపు మాత్రం ఒకరి మీద ఒకరు పడనియ్యడం లేదు.

"సార్, గా పెద్ద మిషన్ వచ్చినప్పటి సంది పిడుగులన్నీ మా సందుకే వస్తున్నయి," అన్నాడు అన్న.

"మేడం, పైన ఇనుప రేకులు ఏసింది ఎవరు? అవి గుంజుతలేవా పిడుగును?" అన్నాడు తమ్ముడు.

"పిడుగు రెండు దిక్కుల పడుతుంది కదా, సమానంగనే పంచుకున్నరు మీరు," అన్నాడు లైన్‌మన్. ఇద్దరూ ఒకేసారి అతని వైపు కోపంగా చూశారు.

ముందు తమ్ముని ఇంట్లోకి పోయాం. మిషన్ గది చిన్నది, శుభ్రంగా ఉంది. గోడకు దారపు ఉండలు రంగుల వరుసలో కట్టి ఉన్నాయి. మిషన్ నడుస్తోంది. ముదురు ఆకుపచ్చ పట్టు మీద నెమలి మెడ సగం తయారైంది. తమ్ముని భార్య లేచి నిలబడింది.

"ఇది మూడో బోర్డు సార్. పోయిన ఏడు ఒకటి కాలింది. మొన్న రోహిణిల గాలివాన వచ్చింది చూడుండ్రి, అప్పుడు ఇంకోటి. రిపేరు చేసేటాయన హైదరాబాద్ నుంచి వచ్చి, ఈ మోడల్ బోర్డు ఇదే ఆఖరుది, మళ్ల దొరకదన్నడు."

"అందుకనే అమ్ముతున్న," అన్నాడు తమ్ముడు వెనుక నుంచి. "నర్సాపూర్ ఆయనకు మాటిచ్చిన. రేపు పొద్దున ట్రాలీ తోల్కొని వస్తడు. నడుస్తున్నప్పుడే ఇచ్చేస్తే మంచిది. మూడోసారి కాలితే తుక్కు కిందనే పోతది."

"అమ్ముమని నేనన్ననా?" అన్నది ఆమె, నెమలి మీద నుంచి కళ్లు తిప్పకుండా. "ఆషాఢం వచ్చేదాక ఇంక ఇరవై రోజుల లగ్గాలున్నయి. అంతమంది పెండ్లి పిల్లలకు మాటిచ్చిన. నన్ను అడిగినవా?"

తమ్ముడు కొంచెం తగ్గాడు. మా వైపు తిరిగి, "సార్, ఎందుకు కాలుతుందో మీరు చెప్పుండ్రి. ఇగ కాలదని నాకు నమ్మకం రావాలె. వస్తే ఉంచుకుంటం. లేకుంటే రేపు పోతది," అన్నాడు.

ఆ రోజు సాయంత్రంలోగా మేము తేల్చవలసింది అదే. నిజానికి మా రూలు ప్రకారం మీటరు దాటినాక ఇంటి లోపలి వైరింగుతో మాకు సంబంధం లేదు. నలభై ఏళ్లు ఆ మాట వేల మందికి చెప్పాను. ఆ అమ్మాయి ముఖం చూసి మాత్రం చెప్పలేకపోయాను. మేడం అప్పటికే మెగ్గర్ బయటికి తీసింది.

ఎర్త్ అంటే తెలియని పిల్లలు ఉండరనుకుంటాను. ఇంటి పక్కన గుంత తవ్వి పైపు పాతి, బొగ్గు, ఉప్పు వేసి, అందులోంచి ఒక తీగను ఇంట్లోకి తెస్తాం. దారి తప్పిన కరెంటు, పిడుగు తెచ్చే పోటు అందులోంచి భూమిలోకి దిగిపోవాలి. ఈ ఇంట్లో రెండు గుంతలు ఉన్నాయి, అన్నకొకటి, తమ్మునికొకటి. మేడం రెండూ కొలిచింది. రెండూ బాగున్నాయి. తమ్ముడు మొదటి బోర్డు కాలిన తర్వాత మెయిన్ దగ్గర, వైర్లలో వచ్చే పోటును ఆపే సర్జ్ ప్రొటెక్టర్ కూడా పెట్టించాడు. అది పాడైతే దాని గుర్తు ఎర్రగా మారాలి. పచ్చగానే ఉంది.

"పోటు కరెంటు వైర్ల నుంచి రాలే. వస్తే ముందు ఇది చచ్చేది," అన్నది మేడం. ఆమె గొంతులో నిరాశ ఉంది. ఎర్త్ బాగులేదని తేలితే ఆమెకు సంతోషంగా ఉండేది.

నేను కాలిన బోర్డులు చూపించమన్నాను. తమ్ముని భార్య వాటిని చీరల డబ్బాలో గుడ్డ చుట్టి దాచింది. బోర్డు మీద కరెంటు వచ్చే మూల కొత్తదాని లాగా ఉంది. రెండో మూల బొగ్గు. రెండు బోర్డులూ అట్లాగే ఉన్నాయి. ఆ మూలలో ఉన్నది నెట్ వైరు గుచ్చే సందు.

"మిషన్‌కు నెట్ వైరు ఉన్నదా అమ్మా?"

"అది... ఉంటది సార్. కంపెనీ వాళ్లు ఇస్తరు గట్ల."

"ఎక్కడికి పోతది?"

ఆమె దారపు ఉండలను సర్దడం మొదలుపెట్టింది. దారపు ఉండల వెనుక చెయ్యి పెట్టి చూశాను. నీలం రంగు వైరు ఒకటి కిటికీలోంచి పెరట్లోకి పోయింది. తమ్ముడు అప్పటికి వీధిలోకి పోయి అన్నకు వినిపించేటట్టు ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నాడు. నేను లైన్‌మన్‌కు కళ్లతో సైగ చేశాను. అతను వైరు వెంబడి పెరట్లోకి పోయాడు.

ఐదు నిమిషాలైనా తిరిగి రాలేదు. పది నిమిషాలకు వచ్చాడు. నోరు కదులుతోంది, మూతికి పులుసు అంటింది.

"ఏం కనపడింది?" అన్నాను.

"ఏం కనపడలే సార్."

"ఏం తింటున్నవు?"

"కొర్రమీను. మృగశిర కదా సార్ ఇయ్యాల, చేప తినాలె."

"ఎవరిచ్చిండ్రు?"

అతను మింగి, గొంతు తగ్గించాడు. "గోడ ఇచ్చింది."

విషయం ఏమిటంటే, పెరటి గోడ అడుగున బీరతీగ చాటున నీళ్లు పోయే తూము ఉంది. నీలం వైరు అందులోంచి అవతలికి పోయింది. మనవాడు వంగి తూములోంచి చూసి, అరవబోయేసరికి అవతల నుంచి అన్న భార్య ముఖం కనిపించింది. వేలు పెదవి మీద పెట్టి "ష్" అన్నది. తర్వాత అదే తూములోంచి గిన్నె ఇవతలికి జరిపింది.

మేడం, నేను, తమ్ముని భార్య బీరతీగ దగ్గరికి పోయాం. లైన్‌మన్‌ను వీధిలో అన్నదమ్ముల దగ్గర కాపలా పెట్టాం. మీటర్ల గురించి అతను మాట్లాడుతుంటే ఎవరైనా అరగంట కదలలేరు.

"సార్, తప్పంతా నాదే," అన్నది గోడ.

"నీదెట్ల అయితది అక్కా? వైరు తెచ్చింది నేను," అన్నది తమ్ముని భార్య, తూము ముందు గొంతు కూర్చొని.

కథ మొత్తం ఆ తూములోంచే విన్నాం. అన్న భార్యకు కంప్యూటర్ మీద బొమ్మలు గీయడం వచ్చు. దుకాణంలో పని లేనప్పుడు జాకెట్ల డిజైన్లు గీస్తుంది. నీలం వైరులో అవి, చెల్లె అని పిలుచుకునే తోడికోడలి మిషన్‌కు వస్తాయి. చెల్లె కుట్టి ఇస్తుంది. ఊరంతా మెచ్చుకునే నెమళ్లు, మామిడి పిందెలు, మెడ చుట్టూ అంచులు, అన్నీ గోడ అవతల పుట్టినవే. మొగుళ్లకు మాత్రం తెలియదు. తోడికోడళ్లు ఇద్దరికీ మాటలు లేవని వాళ్ల నమ్మకం.

"దరఖాస్తులు రెండు నువ్వే రాసినవా అమ్మా?" అన్నాను.

"ఆయన రాయమన్నడు, రాసిన. చెల్లెను వాళ్లాయన రాయమన్నడు, ఆమెకు ఆఫీసు భాష రాదంటే అది కూడ నేనే రాసిచ్చిన. ఏం చేద్దు సార్, ఇద్దరి దిక్కు నుంచి తిట్టినట్టు రాయాలంటె మస్తు పరేషాన్ అయిన."

మేడం నోటికి చున్నీ అడ్డం పెట్టుకొని పక్కకు తిరిగింది. కాసేపటికి తేరుకొని, "వైఫై పెట్టుకోవచ్చు కదా?" అని అడిగింది.

"ఈ రాతి గోడలల్ల ఫోనే సక్కగ పలకదు మేడం."

అప్పుడు నాకు కాలడానికి కారణం తెలిసింది. పిల్లలూ, ఈ ఒక్క పేరా జాగ్రత్తగా చదవండి. పిడుగు దగ్గర్లో పడితే భూమి అంతా ఒకేసారి పొంగదు. వాన పడ్డప్పుడు రెండు కుంటలు ఉన్నాయనుకోండి. ఒకటి నిండి పొంగుతోంది, రెండోది ఇంకా అడుగునే ఉంది. నడుమ ఒక పిల్లకాలువ ఉంది. పొంగిన నీళ్లన్నీ ఆ పిల్లకాలువ మీద పడి, గట్లు కోసుకొని పోతాయి. ఈ ఇంట్లో ఎర్త్ గుంతలు రెండూ ఆ కుంటలు. నీలం వైరు పిల్లకాలువ. ఒక ఎర్త్ పొంగినప్పుడల్లా పోటు ఆ సన్నని వైరులో పడి, అటు కంప్యూటర్‌ను, ఇటు మిషన్ బోర్డును కాల్చింది. ఎర్తులు ఎంత బాగుంటే ఏమిటి, విడివిడిగా ఉన్నాయి.

మేడం నా ముఖం చూసి అర్థం చేసుకుంది. "రెండే దారులు. ఈ వైరు తీసేయాలె. లేకుంటే రెండు ఎర్తులను లావుపాటి పట్టీతోని కలపాలె, రెండు దిక్కులు కలిసి పొంగాలె, కలిసి దిగాలె," అన్నది.

"వైరు తీసేయండి మేడం. మిషన్ ఉంటే సాలు," అన్నది గోడ.

"నువ్వు లేకుండ మిషన్ ఏం చేసుకోను అక్కా? ఉత్తగ దారాలు మార్చుకుంట కూసోవాల్నా?" అన్నది చెల్లె. ఆమెకు ఏడుపు వచ్చింది కానీ ఏడవలేదు.

పట్టీతో కలపాలంటే గోడ కిందుగా పోనివ్వాలి. అన్నదమ్ములిద్దరూ ఒప్పుకోవాలి. ఏమని అడగాలా అని నేను తల వంచి నిలబడ్డాను. నా కాళ్ల దగ్గర బీరపాదు మట్టిలోంచి ఒక పాత రాగి తీగ కొస బయటికి వచ్చి కనపడింది. పిలక లాగా నిలబడి ఉంది. కొస చక్కగా, ఒక్క నొక్కులో కోసి ఉంది. కటింగ్ ప్లేయర్‌తో అట్లా కోసే మనిషి నాకు తెలిసి ఒక్కడే.

మేడంకు పది నిమిషాల్లో వస్తానని చెప్పి స్కూటర్ మీద ఇంటికి పోయాను. తొమ్మిదేళ్ల కిందటి డైరీ తీశాను. మీటరు పెట్టిన రోజు దొరికింది. నా చేతి రాతే: "ఇరువురికి రెండు సర్వీసులు అయినందున, రెండు ఎర్తులను కలుపుచున్న రాగి తీగను నియమం ప్రకారం నా చేతితో కోసితిని. ఇరువర్గముల వారు సంతోషించిరి."

అట్లాంటి నియమం లేదు. రెండు సర్వీసుల్లో కరెంటు వెనక్కి పోయే న్యూట్రల్ వైర్లు కలవకూడదన్నది నియమం. దాన్ని నేను ఎర్త్‌కు కూడా అంటించాను. అన్నదమ్ములు అప్పుడు అన్నీ వేరు చేయమని తొందర పెడుతున్నారు, నేనూ ఆ ఊపులో ఉన్నాను. నలభై ఏళ్ల ఉద్యోగంలో మీటరు దాటి నేను చేసిన పని అది ఒక్కటే. అదీ తప్పు పని.

ఆ పేజీ ముందు కూర్చొని కొంచెం సేపు ఆలోచించాను. ఆరు నెలల్లో నాకు సన్మానం ఉంది. అది తప్పని నాకూ, డైరీకీ తప్ప ఎవరికీ తెలియదు. భార్య వంటింట్లోంచి "అన్నం తింటరా?" అని అడిగింది. తర్వాత తింటానన్నాను. డైరీ చంకలో పెట్టుకొని బయటికి వచ్చాను.

గేటు దగ్గర లైన్‌మన్‌కు ముందుగా చెప్పాను.

"గా పేజీల హాజరైనోళ్లల్ల నేనున్ననా సార్?" అన్నాడు.

"ఉన్నవు. నేను కోసేటప్పుడు తీగను గట్టిగ పట్టుకున్నది నువ్వే."

"అయితే చింపేద్దం సార్."

చింపలేదు. అన్నదమ్ములిద్దరినీ వీధిలో నిలబెట్టి, మేడం ముందు ఆ పేజీ పైకి చదివాను. నేను కోసిన తీగ వల్లే మీ సామాన్లు కాలుతున్నాయని చెప్పాను. ఆఫీసు మనిషి చేసిన తప్పును ఆఫీసు మనిషే దిద్దాలి కాబట్టి ఈ పని నేనే చేస్తాను, మీరు ఒకరితో ఒకరు మాట్లాడవలసిన అవసరం కూడా లేదు అన్నాను. నీలం వైరు సంగతి ఎత్తలేదు.

అన్న నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అంటే తప్పు మీదా సార్?"

"నాదే."

"వానిది కాదా?"

"కాదు."

తమ్ముడు కూడా అడిగాడు. "అన్నది కూడ కాదా?"

"కాదు నాయనా, ఎవరిదీ కాదు. నా ఒక్కనిదే."

వాళ్లిద్దరి ముఖాలు విప్పారిన తీరు చూస్తే నాకు నవ్వు వచ్చింది. తొమ్మిదేళ్లలో అన్నదమ్ములు మొదటిసారి ఒక మాట మీద నిలబడ్డారు, ఆ మాట నా తప్పు.

మధ్యాహ్నం బజారు నుంచి జీఐ ఇనుప పట్టీ, క్లాంపులు, అన్న మెయిన్‌కు ఇంకొక సర్జ్ ప్రొటెక్టర్ తెచ్చాం. రెండు పెరళ్లూ కనిపించాలని నేను గోడకు నిచ్చెన వేసుకొని పైన నిలబడ్డాను. పట్టీ పోవడానికి గోడకు కొత్తగా రంధ్రం కొట్టబోతే అన్న తన పెరట్లోంచి ఆపాడు. "గోడ పగలగొట్టుడెందుకు సార్, కింద తూము ఉన్నది కదా," అంటూ తనే వంగి, గోడ దాటి తన దిక్కు పాకిన బీరతీగను పక్కకు లాగాడు.

మేము ముగ్గురమూ ఒకేసారి ఊపిరి బిగబట్టాం.

"ఇదేంది?" అన్నాడు అన్న. నీలం వైరు అతని చేతిలో ఉంది.

"అది... ఎర్త్‌కు చెల్లె అయితది," అన్నాడు లైన్‌మన్.

ఎవరూ నవ్వలేదు. అన్న ఆ వైరు వెంబడి చూపు నడిపించాడు. అటు కొస తన దుకాణంలోకి, ఇటు కొస తూములోంచి తమ్ముని ఇంటి దిక్కుకు. అన్న భార్య తలుపు దగ్గర నిలబడి ఉంది. ఇక దాచేది లేదని ఆమెకు తెలిసింది.

"ఎన్నేండ్ల సంది?" అన్నాడు అన్న.

"గోడ మీరు కట్టిండ్రు," అన్నది ఆమె. "తూము మేం ఉంచుమన్నం. నీళ్లు పోవాలె అని చెప్పినం కదా. ఏనాడన్నా నీళ్లు పోంగ చూసినవా అందులకెల్లి?"

అన్న తూమును చూశాడు. అది పొడిగా ఉంది.

గోడ ఇవతల తమ్ముడు భార్య వైపు తిరిగాడు. "అంటే డిజైన్లు సూరత్ నుంచి వస్తలేవా?"

"ఎవరన్నరు సూరత్ అని?"

"నేనే అన్న! హవేలిఘనపూర్ నుంచి నిజాంపేట దాక అందరికీ చెప్పిన, మావి సూరత్ డిజైన్లని!"

గోడ అవతల అన్న పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. అతను నవ్వుతుంటే తమ్ముడు గోడ వైపు చూసి, "నీకేం నవ్వు, నీ ఇంట్లనే గీస్తుంటే నీకు తెలిసిందా?" అన్నాడు. అన్న నవ్వు టక్కున ఆగింది. ఈసారి మేమందరం నవ్వాం. మేడం అయితే మెగ్గర్ కింద పెట్టి, గట్టు మీద కూర్చొని కళ్లు తుడుచుకుంది. అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడారన్న సంగతి వాళ్లకే ఆలస్యంగా తెలిసింది. తెలిసిన వెంటనే ఇద్దరూ తలో దిక్కు తిరిగి తవ్వుడు మొదలుపెట్టారు.

ఐదు గంటలకు పట్టీ బిగించాం. మేడం మళ్లీ కొలిచింది. రెండు దిక్కులా ఒకటే రీడింగు.

"ఎవరిది మంచిగున్నది మేడం?" అన్నాడు అన్న గోడ మీదుగా.

"ఇప్పుడు ఎవరిది అని ఉండదండీ. రెండూ ఒకటే అయినయి."

"అయినా, మా దిక్కు గుచ్చినప్పుడు కదా మంచిగ వచ్చింది?"

"మా దిక్కు మట్టి నల్లది మేడం, తడి ఉంటది," అన్నాడు తమ్ముడు.

ఆరు గంటలకు పడమర నల్లబడింది. గాలి లేచింది. నేను తమ్ముని భార్యకు ప్లగ్గు తీయమని చెప్పాను. పిల్లలూ, మీరు కూడా అందరికీ అదే చెప్పండి, ఎంత రక్షణ పెట్టినా ఉరుములప్పుడు ప్లగ్గు తీయడమే మేలు. ఆమె వినలేదు.

"తీస్తే ఈయనకు నమ్మకం ఎట్లొస్తది సార్? రేపు ట్రాలీ వస్తది," అని నెమలి తోక కుడుతూనే ఉంది. తమ్ముడు మెయిన్ దగ్గర నిలబడి చూస్తున్నాడు.

ఆ సందు చివరి కొబ్బరి చెట్టు మీద పిడుగు పడింది. గది ఒక్కసారి తెల్లబడింది. చెవులు గింగిరుమన్నాయి. మిషన్ ఆగింది, దీపాలు పోయాయి. నెమలి తోక ఎక్కడిదక్కడే ఉంది. మిషన్ కాలిందా, ఊరి కరెంటు పోయినందుకు ఆగిందా అన్నది చీకట్లో చెప్పే విద్య ఎవరి దగ్గరా లేదు. ఆమె బోర్డు మూత మీద ముక్కు పెట్టి కాలిన వాసన వస్తున్నదేమో చూసింది. ఆ రోజు రెండు ఇళ్లలోనూ చేపల కూర వాసన తప్ప ఇంకేదీ ముక్కుకు తెలియదు.

నేనూ, లైన్‌మన్ వెంటనే పోవలసి వచ్చింది. హవేలిఘనపూర్ దారిలో లైన్ మీద చెట్టు పడింది. ఆ పనిలోనే తెల్లవారింది.

మర్నాడు పొద్దున ఏడింటికి ఊరికి కరెంటు ఇచ్చి, బురద బట్టలతోనే ఆ సందుకు పోయాను. నర్సాపూర్ ఆయన అప్పటికే వచ్చి ఉన్నాడు. ట్రాలీ ఇంటి ముందు నిలిపి, తాళ్లు విప్పుకుంటున్నాడు. లోపల తమ్ముని భార్య స్విచ్ మీద వేలు పెట్టి నిలబడి ఉంది. కరెంటు వచ్చి ఐదు నిమిషాలైనా ఆమెకు వేయడానికి ధైర్యం చాలలేదట. నన్ను చూసి వేసింది.

తెర వెలిగింది. మిషన్ ఒక్క క్షణం ఆలోచించింది. నెమలి తోకలో ఆగిన కుట్టు దగ్గరికి తనంత తానే జరిగి, టకటకా కుట్టడం మొదలుపెట్టింది.

తమ్ముడు బయటికి వచ్చాడు. తల గోక్కుంటూ నర్సాపూర్ ఆయనతో, "అన్నా, ఏమనుకోకు. మిషన్ నా ఒక్కనిది కాదు. మా వదినెను కూడ అడగాలె," అన్నాడు.

"మీ వదినె ఎక్కడున్నది?"

తమ్ముడు లోపలికి చూపించాడు. అన్న భార్య ముందు గేటులోంచే వచ్చినట్టుంది, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి ఉన్నాయి. కళ్లద్దాలు పెట్టుకొని మిషన్ తెర ముందు కూర్చుంది. తల తిప్పకుండానే జవాబు చెప్పింది.

"తమ్మీ, ఆయన ఇంట్ల పెండ్లి పిల్ల ఉన్నదేమో అడుగు. మిషన్ ఇయ్యం కానీ, జాకెట్లు మనమే కుట్టిస్తం."

నర్సాపూర్ ఆయన విప్పిన తాళ్లను మళ్లీ చుట్టాడు. "బిడ్డ లగ్గం శ్రావణంల ఉన్నది," అన్నాడు.

"అయితే కొలతకు ఆది జాకెట్టు పంపుమను."

ట్రాలీ ఖాళీగా తిరిగిపోయింది. ఆది జాకెట్టు మధ్యాహ్నం బస్సులో వచ్చింది.